సోఫా కింద బెజ్జం

"తప్పు నాదేనండి. మూయడం మర్చిపోయాను. ఇంక నన్నేమీ అడక్కండి."

లాకప్పులో గోడకి ఆనుకుని కూర్చున్న అబ్దుల్ మజీద్ నిన్నటి నుంచీ ఇదే మాట చెబుతున్నాడు. సీఐ అడిగినా ఇదే, కూతురు అడిగినా ఇదే. తాడేపల్లిగూడెంలో లారీలకీ వ్యాన్లకీ బాడీలు కట్టడంలోనే తల నెరిసిన మనిషి. మోచేతుల దాకా వెల్డింగు నిప్పురవ్వల మచ్చలు.

సువర్ణ స్టూలు చువ్వల దగ్గరికి జరుపుకుంది. ఏలూరులో ఆమె డిటెక్టివ్ ఏజెన్సీకి వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులే. నిన్న సాయంత్రం మాత్రం మజీద్ కూతురు హుమా వచ్చింది. తండ్రి నేరం ఒప్పుకున్నాడనీ, ఆయన అబద్ధం చెబుతున్నాడనీ అంది. నేరం ఒప్పుకున్నవాడి మీద ఇలాంటి ఫిర్యాదు సువర్ణ ఎప్పుడూ వినలేదు. అందుకే కేసు తీసుకుంది.

జరిగింది చిన్న కథే. గుండుగొలనులో చేపల చెరువులున్న కృపావరం ఒక పాత ఐసు వ్యానుని మజీద్ షెడ్డుకి తెచ్చాడు. ఏళ్ళ తరబడి కొల్లేటి గట్ల మీద నుంచి మార్కెట్టుకి చేపలు మోసిన బండి అది. దాన్ని కదిలే బంగళాలా చెయ్యమన్నాడు. మజీద్ చేశాడు. పాత ఇంజను తీసేసి లారీ ఇంజను దింపాడు. లోపల ఏసీ, టీవీ, లాగితే మంచమయ్యే సోఫా, నల్లద్దాలు, మఖమలు పరదాలు. ఐసు నీళ్ళు కారడానికి పాత నేలలో ఉన్న బెజ్జాలన్నీ మూసి, పైన ఇనుప రేకు పరిచి, దాని మీద ప్లైవుడ్డు, దాని మీద తివాచీ వేశాడు. చేపల కంపు ఆ రేకు కిందే సమాధి అయిపోయింది. హైవే ఎక్కితే కార్లు కూడా ఆ వ్యానుకి పక్కకి తప్పుకునేవి.

బుధవారం పొద్దున కృపావరం అందులోనే శవమై కనిపించాడు. చెరువులో చేపల పట్టుబడికి వెళ్ళి, గట్టు మీద వ్యాను ఆపి, ఏసీ కోసం ఇంజను నడుస్తుండగానే పడుకున్నాడు. ఇంజను పొగ పీల్చి పోయాడని డాక్టరు రాశాడు. బండి పరుగెడుతుంటే ఆ పొగ గాలికి కొట్టుకుపోతుంది. నిలబడి ఉంటే మాత్రం పైకి లేస్తుంది. సోఫా కింద నేలలో బెజ్జం ఉంది. దాన్ని మూయడం మర్చిపోయానని మజీద్ అన్నాడు. సాయంత్రం కోర్టులో పెడతానని సీఐ జీవరత్నం అన్నాడు.

"మజీద్ గారూ, బండి అప్పగించే ముందు మీ షెడ్డులో ఒక పద్ధతి ఉందట కదండీ" అంది సువర్ణ. "లోపల సాంబ్రాణి వేసి, తలుపులు బిగించి, మీరు కిందికి దూరి పొగ ఎక్కడైనా కారుతోందేమో చూస్తారట. కృపావరం గారి బండికి వెయ్యలేదా?"

మజీద్ కళ్ళు ఎత్తలేదు. "వెయ్యలేదు."

"వేశారని హుమా చెప్పింది. పొగ చుక్క కూడా కారలేదట. మర్చిపోయిన బెజ్జం అప్పుడే పట్టుబడాలి కదా."

ఆయన గోడ పట్టుకుని లేచాడు. తర్వాత చువ్వల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, మీరు హుమా మంచి కోరే వచ్చారు కదా?"

"అవునండి."

"అయితే ఈ కేసు వదిలెయ్యండి."

*

వ్యాను ఇంకా చెరువు గట్టు మీదే ఉంది. గట్టు ఇరుకు, క్రేను రాదు. కాపలా ఉన్న కానిస్టేబులు సువర్ణ తెచ్చిన పల్లీల పొట్లం అందుకుని, బండికి దూరంగా పోయి నిలబడ్డాడు. ఆమె అడక్కుండానే ఒక సంగతి చెప్పాడు. మజీద్‌ని ఇక్కడికి తీసుకొస్తున్నప్పుడు జీపులో దారి పొడుగునా సీఐతో వాదించాడట, నా పనిలో లోపం ఉంటే నా చెయ్యి నరుక్కుంటానని. వ్యాను కిందికి దూరి బయటికొచ్చాక గట్టు మీద చతికిలబడి నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడట. తర్వాత లేచి, తప్పు నాదే అన్నాడట.

అంటే ఆ కింద ఏదో చూశాడు.

సువర్ణ గోనెసంచీ పరుచుకుని టార్చితో వ్యాను కిందికి దూరింది. అడుగంతా కొల్లేటి బురద ఎండి పెచ్చులు కట్టి ఉంది. బెజ్జం చుట్టూ మాత్రం పెచ్చులు లేవు. టీ గ్లాసు మూతి అంత ఉంది. దాని కిందగా పోయే పొగ గొట్టం జాయింటు వదులై, నోరు సరిగ్గా బెజ్జం వైపు తిరిగి ఉంది. బెజ్జం అంచు ఆకురాయితో నున్నగా తీర్చినట్టుంది. ఆ అంచు పొడుగునా తుప్పు పట్టకుండా వేసే ఎర్ర పూత, రెడ్ ఆక్సైడు. కుంచెతో వేసింది కాదు. ఎవరో బొటనవేలితో చుట్టూ తిప్పి పూశారు. ఆ వేలి చార ఇంకా కనిపిస్తోంది. పూత మీద గుండ్రంగా నల్లటి ఒరిపిడి కూడా ఉంది. రబ్బరుది. కొన్నాళ్ళు ఈ బెజ్జానికి బిరడా బిగించి ఉంది. ఇప్పుడు ఆ బిరడా లేదు. గట్టంతా వెతికినా దొరకలేదు.

పైకెక్కింది. సోఫా ముందుకి లాగితే తివాచీ బ్లేడుతో కోసి ఉంది. ఆ కోతలోంచి గుప్పున చేపల కంపు కొట్టింది. సమాధి చేసిన పాత నేల మళ్ళీ ఊపిరి పీల్చినట్టుంది. గాలి కోసం తలుపు తీద్దామని చూస్తే, ఎప్పుడో గాలికి మూసుకుపోయి ఉంది. పిడి తిప్పింది. పిడి తిరిగింది, తలుపు కదల్లేదు. రెండు చేతులతో తిప్పింది. నల్లద్దాలు కదిలేవి కావు. డ్రైవరు సీటుకీ ఈ గదికీ మధ్య చెక్క గోడ. చీకటిగా, మెత్తగా, సోఫా వేసిన పెట్టెలో తను ఒక్కతే ఉందని సువర్ణకి అప్పుడు అర్థమైంది. అద్దం మీద గట్టిగా కొట్టింది.

తలుపు బయటి నుంచి తెరుచుకుంది. సీఐ జీవరత్నం.

"లోపల హాయిగా ఉందా అండీ?" అన్నాడు. "పోలీసు కాపలా ఉన్న బండిలో కునుకు తియ్యడం డిటెక్టివులకే చెల్లింది."

"మీరు తెరిచారు కాబట్టి బయటికొచ్చాను. కృపావరానికి తెరిచేవాళ్ళు లేకపోయారు." సువర్ణ గట్టు మీదికి దిగి ఊపిరి పీల్చుకుంది. "ఆ పిడి పని చెయ్యదు. చూశారా?"

"చచ్చేవాడు పీకి పీకి పాడుచేసి ఉంటాడు."

"పాడవలేదు. లోపలి తీగ ఊడదీశారు. స్క్రూ తిరిగి శుభ్రంగా బిగించారు కూడా."

జీవరత్నం నవ్వాడు. సర్కిల్లో తనకి తెలియకుండా ఒక ఆడమనిషి దర్యాప్తు చేస్తోందన్న మంట ఆ నవ్వులో దాగలేదు. సువర్ణ ఊరుకోకుండా బెజ్జం సంగతి ఎత్తింది.

"మర్చిపోయిన బెజ్జానికి ఎవరైనా రంగు పూస్తారా సార్?"

"అయితే చంపడానికే కోశాడంటారు ముసలాయన."

"చంపడానికి కోసిన బెజ్జం తుప్పు పడితే ఎవరికి నష్టం? కోసింది పనివాడు. తను కోసిన ఇనుముకి పూత వెయ్యందే చెయ్యి ఊరుకోని పనివాడు. ఎందుకు కోస్తున్నాడో వాడికి తెలియదు. బండి షెడ్డు దాటి వెళ్ళాక, ఈ మధ్యనే కోశాడు."

జీవరత్నం రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "మీ మాటే ఒప్పుకుంటానండి. పనివాడంటే ఆ షెడ్డువాడే కదా? మీ క్లయింటు ఇంటి మనిషే. అజాగ్రత్త కేసు కాస్తా హత్య కేసు చేసి పెట్టారు. చాలా థాంక్సండీ."

సువర్ణ నాలుక కరుచుకుంది. తండ్రిని విడిపించమని వచ్చిన పిల్లకి తను చేసిన మేలు ఇది. కేసు వదిలెయ్యమని మజీద్ ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. ఆయన కింద చూసింది బెజ్జాన్ని కాదు, ఆ బొటనవేలి చారని.

మాట మార్చడానికి వాసన సంగతి అడిగింది, లోపల చేపల కంపు మీకు తెలుస్తోందా అని.

"కొల్లేట్లో చేపల వాసన కనిపెట్టారు. మీకు సన్మానం చేయించాలి" అన్నాడు జీవరత్నం. "నాకేమీ రావట్లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇక్కడి గాలేనండి మాది."

ఆ మాట సువర్ణ చెవిలో ఉండిపోయింది. ఈ నీళ్ళ మీద బతికేవాళ్ళ ముక్కుకి ఈ వాసన లేదు. తివాచీ కోసినవాడికీ తెలిసి ఉండదు, కంపు పైకి లేచిందని. కానిస్టేబులు మాత్రం పల్లీల పొట్లంతో అంత దూరాన నిలబడ్డాడు. అతనిది మెట్ట ప్రాంతం.

కృపావరం ఇంట్లో మెట్ట ప్రాంతం మనిషి ఒక్కరే. భార్య జాయ్సీ.

*

గుండుగొలనులో కృపావరం ఇంటి అరుగు మీద తల్లి సూరమ్మ కూర్చుని ఉంది. కొడుకు పోయిన దుఃఖం ఒక కంట, కోడలి మీద కోపం ఒక కంట. సువర్ణ పెద్దగా అడగాల్సిన పని పడలేదు.

చింతలపూడి పిల్లని చేసుకోవడమే పొరపాటయిందంది సూరమ్మ. పామాయిలు తోటలో మగరాయుడిలా ట్రాక్టరు తోలి పెరిగిన పిల్లట. కాపురానికి వచ్చిన నాటి నుంచీ చేపల కంపు, చేపల కంపు అని ముక్కు మూసుకోవడమే. ఆమె గొడవ పడలేకే వాడు అంత సొమ్ము పోసి వ్యానుకి కొత్త నేల వేయించాడు. ప్రభుత్వం గట్లు కొట్టించాక చెరువులు సగం పైగా పోయాయి. ఆమె పేర తోట ఉంది, మొగుడికి ఒక్క సంతకం పెట్టదు. అయినా వాడు ప్రేమగానే ఉన్నాడు. మొన్న సోమవారం, పుట్టింటికి వ్యానులో వెళ్ళు, ఏసీ వేయిస్తాను, పడుకుని వెళ్ళు అని బతిమాలాడు. ఎక్కనంది. బస్సులో పోయి బస్సులో వచ్చింది.

"ఎందుకెక్కనందండీ?"

"ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు మళ్ళీ కంపు వస్తోందని దారిలో దిగిపోయింది తల్లీ. ఎండలో నడుచుకుంటూ వచ్చింది. నేనూ ఎక్కాను గదా అందులో, నాకేం రాలేదు. వాడికీ రాలేదు. ఉన్నదా లేనిదా ఆ దేవుడికే ఎరుక."

జాయ్సీ లోపలి నుంచి వచ్చింది. తెల్ల చీర, నెమ్మదైన మనిషి. మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చుని, అడిగినవాటికి అడిగినంతే చెప్పింది. మజీద్ గారి మీద తనకి ఏ కోపమూ లేదంది. పెద్దాయన పాపం, ఏదో పొరపాటు జరిగి ఉంటుందంది.

"వ్యానులో ఈమధ్య మళ్ళీ చేపల వాసన వచ్చిందా అండీ?"

జాయ్సీ సువర్ణ కళ్ళలోకి చూసింది. "లేదండీ. బాగు చేయించిన దగ్గర్నుంచీ ఎప్పుడూ రాలేదు."

అత్తగారు అప్పటికే అంతా చెప్పేసిందని ఆమెకి తెలియదు. ఇంటిల్లిపాదిలోనూ ముక్కు పనిచేసే ఒకే ఒక్క మనిషి, వాసన రాలేదంటోంది.

*

బస్సు చాలాసేపు దొరక్క, సువర్ణ తాడేపల్లిగూడెం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. షెడ్డులో పని ఆగిపోయి ఉంది. సగం బాడీ కట్టిన లారీ పక్కన హుమా, ఆమె భర్త అర్షద్ నిలబడి ఉన్నారు. మామగారి దగ్గరే పని నేర్చుకుని, ఆయన ఇంటికే అల్లుడైన మనిషి అర్షద్. సువర్ణ అతని ముఖం చూడలేదు. కుడిచేతి బొటనవేలు చూసింది. గోటి చుట్టూ ఎర్ర పూత, ఎన్నేళ్ళు కడిగినా పోనిది.

"మీరు కుంచె వాడరా?" అని అడిగింది.

అర్షద్‌కి అర్థమైంది. పక్కనున్న టైరు మీద కూర్చున్నాడు.

దాచుకోలేక దాచుకుంటున్న మనిషి, తడుముకోకుండా చెప్పేశాడు. పోయిన శనివారం, మామయ్య ఊళ్ళో లేనప్పుడు, బండి షెడ్డుకొచ్చింది. ఏసీ నీళ్ళు లోపలే నిలిచిపోతున్నాయనీ, సోఫా కింద బెజ్జం పెట్టమనీ అడిగారు. నీళ్ళు లేనప్పుడు మూసుకోవడానికి ఒక బిరడా. చుట్టాల పిల్లలు పరుగెడుతున్న బండిలో తలుపు తీసేస్తున్నారని, లోపలి పిడి పనిచెయ్యకుండా కూడా చేయించారు. కట్టిన పనిని మళ్ళీ కోశారంటే మామయ్య బాధపడతాడు కాబట్టి ఆయనకి చెప్పొద్దన్నారు. పొగ గొట్టం జాయింటు తను ముట్టుకోలేదు. దాన్ని తర్వాత ఎవరో వదులు చేశారు. చావు కబురు విని పరుగెత్తుకుని స్టేషనుకి వెళ్తే, మామయ్య లాకప్పులోంచి కళ్ళతోనే నోరు మూసుకోమన్నాడు.

హుమా ఏడవలేదు. భర్త ముందుకి వచ్చి నిలబడింది.

"నీ కోసం మా నాన్న జైలుకి పోతుంటే, రెండు పూటలా నా చేతి అన్నం ఎలా తిన్నావు?"

"నేను చెబితే నువ్వేమైపోతావని ఆయన భయం హుమా. నా భయమూ అదే."

"నేనేమవుతానో నన్ను అడగాలి కదా."

సువర్ణ మధ్యలోకి వచ్చింది. అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

"ఎవరు చేయించారు అర్షద్ గారూ? బండి తెచ్చింది ఎవరు?"

అర్షద్ ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "ఇంకెవరండీ? కృపావరం గారే."

 సువర్ణ అన్నీ వరసగా పేర్చుకుంది. చచ్చిపోయినవాడే బెజ్జం కోయించాడు. చచ్చిపోయినవాడే పిడి ఊడదీయించాడు. పొగ గొట్టం జాయింటు వదులు చేసిందీ అతనే అయి ఉంటాడు. ఏసీ వేసుకుని పడుకుని వెళ్ళమని భార్యని బతిమాలాడు. ఆమె ఎక్కి ఉంటే, దారిలో ఎక్కడో బండి ఆపి, కింద నుంచి బిరడా లాగి, ఇంజను నడుస్తుండగా టీ తాగడానికి పోతాడు. తోట భర్త పేరుకి వస్తుంది, తప్పు షెడ్డువాళ్ళ మీదికి పోతుంది. ఒక్కటే లెక్కలోకి తీసుకోలేదు. చేపల కంపు తనకి తెలియనంత మాత్రాన ఆమెకి తెలియకుండా పోదు. ఆమె ముక్కు ఆదివారమే కనిపెట్టింది. సోఫా లాగి చూసి ఉంటుంది. బిరడా ఉందన్న ధీమాతో అతను మంగళవారం రాత్రి గట్టు మీద పడుకున్నాడు. ఓరగా వేసుకున్న తలుపు గాలికి మూసుకుపోయి ఉంటుంది. ఆ బిరడా అప్పటికే తీసేశారు.

"పదండి" అంది అర్షద్‌తో. "ఇదే మాట సీఐ ముందు చెప్పాలి. కోర్టుకి పెట్టకముందే చెప్పాలి."

అర్షద్ లేచి చొక్కా దులుపుకున్నాడు. హుమా చెప్పులేసుకుంది. అప్పుడు సువర్ణ సెల్ మోగింది. జీవరత్నం.

"మీకు శ్రమ తప్పిందండీ" అన్నాడు హుషారుగా. "ముసలాయన్ని వదిలేశాను. అజాగ్రత్త కేసే ఉంచి స్టేషను బెయిలిచ్చాను. హామీ సంతకం ఎవరు పెట్టారనుకున్నారు? చచ్చిపోయినతని భార్య. పెద్ద మనసంటే అదీ. ఫొటోలూ కొలతలూ అయిపోయాయి కాబట్టి వ్యాను కూడా ఇచ్చేశాం. గట్టు మీద నుంచి ఆవిడే వెనక్కి తోలిందండీ, మా డ్రైవర్లు నోరెళ్ళబెట్టారు. పెద్దాయన్ని ఆవిడే ఇంటి దగ్గర దింపుతానంది."

"ఎంతసేపయింది సార్?"

"ఈపాటికి వచ్చేసే ఉండాలే."

బయట రోడ్డు మీద బరువైన ఇంజను చప్పుడు వినిపించింది. అర్షద్ తల ఎత్తాడు. ఆ ఇంజనుని దింపిన చేతుల్లో తనవీ ఉన్నాయి.

వ్యాను షెడ్డు గుమ్మానికి అడ్డంగా ఆగింది. జాయ్సీ దిగి, డ్రైవరు తలుపుకి తాళం వేసి, తలుపుల తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుంది. ఇంజను నడుస్తూనే ఉంది.

"ఏవండీ, అర్షద్ గారంటే మీరేనా?" అంది మెత్తగా. "మా ఆయన మీతో ఒక పని చేయించారట. దాన్ని మూయించుకుందామని వచ్చాను. పైకి ఆనవాలు కనిపించకూడదండి."

"మజీద్ గారేరీ?" అంది సువర్ణ.

"వెనకాల ఉన్నారు. రాత్రంతా నిద్ర లేనట్టుంది, ఎక్కగానే కునుకుపట్టింది. రైలు గేటు దగ్గర చాలాసేపు నిలబడాల్సొచ్చిందండీ. రెండు గూడ్సులు పోయాయి."

హుమా వ్యాను వైపు పరుగెత్తింది. పక్క తలుపుకి కూడా తాళం ఉంది.

"ఇంజను ఆపండి" అంది సువర్ణ. "ఆ బిరడా తీసింది మీరేనని నాకు తెలుసు."

"నాకోసం కోయించిన బెజ్జమండి అది. నేను తీసింది బిరడా ఒక్కటే." జాయ్సీ గొంతు ఏమీ పెరగలేదు. "ఆ మాట బయటికి వెళ్ళదని మీ ముగ్గురూ అంటే తాళంచెవి ఇస్తాను. తొందరేం లేదు, ఆలోచించుకోండి."

లోపలి నుంచి ఎవరో నల్లద్దం మీద తట్టారు. మెల్లగా, ఒక్కసారి.

హుమా రెండు అరచేతులూ అద్దానికి ఆనించి రెండోసారి కోసం ఎదురుచూసింది. రెండోసారి రాలేదు.